చేతికి తగిన పనిముట్టు
బయటి తెలుగువారి వ్రాత సాధనములు: ఒక విమర్శ

తాటియాకు మీద కలము నడవదు. కాగితము మీద గంటము నిలువదు. ఈ రెండింటిలో ఏది గొప్పదని వాదించుట వ్యర్థము. ఏ ఆకు మీద, ఏ చేయి, ఎవరి కొరకు వ్రాయుచున్నదో తెలిసిన పిమ్మటనే సాధనము యొక్క మంచిచెడ్డలు తేలును. తాళపత్రముల విషయమున ఈ మాటను మనము వెంటనే ఒప్పుకొందుము. కంప్యూటరును, చేతి ఫోనును, వానిలో తెలుగు వ్రాయు ఉపాయములను ఎంచుకొనవలసి వచ్చినప్పుడు మాత్రము మరచిపోదుము. ఏది వేగవంతము, ఏది శాస్త్రీయము, దేనిని ప్రభుత్వము ప్రమాణముగా అంగీకరించినది అని అడుగుదుము. దానిని వాడువారెవరని అడుగము.

కర్ణాటకము, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రములలోను యానాములోను తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి ఎట్టి వ్రాత సాధనములు తగునో విచారించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. గుణముల పట్టికలో మొదట నిలిచినది మనకును మొదటిది కానక్కరలేదనియు, ఒక్కొక్కచోట అది కడపటిది కూడ కావచ్చుననియు నా అభిప్రాయము.

ఈ అభిప్రాయము నాకు గ్రంథముల వలన కలిగినది కాదు. ఒక పొరపాటు వలన కలిగినది. కొన్నేండ్ల క్రిందట తమిళనాట నేను సభ్యుడనై యున్న ఒక చిన్న తెలుగు సంఘము చందాలు ప్రోగుచేసి నాలుగు కంప్యూటర్లు కొనెను. ఏవి కొనవలెనో, వానిలో ఏ తెలుగు కీబోర్డు నేర్పవలెనో నిర్ణయించుటకు ఏర్పడిన ఉపసంఘమున నేనును ఒకడను. మేము శ్రద్ధగనే పనిచేసితిమి. పట్టికలు వ్రాసితిమి, మార్కులు వేసితిమి. అన్నింటను మేలైనదని తోచిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును ఎన్నుకొని, సాయంకాలపు తరగతులు పెట్టితిమి. మొదటి వారము ఇరువదిమంది వచ్చిరి. మూడవ నెలకు ఇద్దరు మిగిలిరి. ఆ ఇద్దరిలో ఒకరు నేర్పువారు!

సాధనమున లోపము లేదు. మా లెక్కలో కలదు. వచ్చినవారిలో పెక్కురు ఇంట తెలుగు మాటాడి, బడిలో తమిళము చదివినవారు. వారికి కావలసినది తెలుగు గ్రంథములను అచ్చుకూర్చు నేర్పు కాదు. ఊరిలోని మేనమామకు రెండు పంక్తుల క్షేమసమాచారము, పెండ్లి పిలుపులో నాలుగు తెలుగు మాటలు, దుకాణము ముందు ఒక పలక, ఇంతే. ఈ సంగతి మా పట్టికలలో ఎచ్చటను లేదు. పట్టిక యంతయు యంత్రమును గూర్చినదే. మనిషికి అందులో ఒక్క గడియైనను లేదు.

సాధనమునకు ముందు మనిషిని తలచిన పట్టిక ఒకటి మన దేశమున లేకపోలేదు. 1929లో అఖిల భారత చరఖా సంఘము మేలైన రాట్నమును కనిపెట్టినవారికి లక్ష రూపాయల బహుమానము ప్రకటించెను. దాని షరతులు గమనింపదగినవి. రాట్నము తేలికగ ఉండవలెను. సామాన్యమైన పల్లె గుడిసెలో పనిచేయవలెను. ఒక స్త్రీ పెద్ద శ్రమ లేకుండ ఎనిమిది గంటలు దానిపై వడుకగలుగవలెను. వెల 150 రూపాయలు మించరాదు. ఎంత నూలు, ఏ నంబరు నూలు వడుకవలెనో అందు ఉన్నది గాని, ఆ లెక్క అంతయు గుడిసెను, ఆ స్త్రీ చేతిని, ఆమె కొంగున ముడివేసిన డబ్బును దాటి పోవుటకు వీలులేదు. మిల్లులోని యంత్రము ఇంతకంటె వేయిరెట్లు వడుకునని ఎరుగక పెట్టిన షరతులు కావవి. ఆ బహుమానము ఎవ్వరికిని దక్కలేదు. అయినను ప్రశ్నను అడుగవలసిన తీరు ఆ ప్రకటన వలన మనకు తెలిసినది. మా ఉపసంఘము అడిగిన ప్రశ్న మిల్లును గూర్చినది. మా తరగతికి వచ్చినవారు గుడిసెలోనివారు.

ఇక సాధనములను ఒక్కొక్కదానిని పరిశీలింతము. ముందుగా ఇన్‌స్క్రిప్ట్‌కు న్యాయము చేయవలెను. 1986లో రూపొంది, 1988లో సవరణ పొంది, భారతీయ ప్రమాణముల సంస్థ 1991లో ప్రకటించిన ఐ.ఎస్. 13194 ప్రమాణమున చేరిన ఈ అమరిక, మన లిపుల స్వభావమును బాగుగ ఎరిగినవారు చేసినది. గుణింతపు గుర్తులు ఎడమచేతికిని, హల్లులు చాలవరకు కుడిచేతికిని వచ్చును. క యున్న మీటనే షిఫ్టుతో నొక్కిన ఖ, త యున్న మీటనే అట్లు నొక్కిన థ. క్షకారమునకు క, పొల్లు, ష అని మూడు మీటలు. గుండ్రని అక్షరపు ముక్కలను ఒకదాని ప్రక్క ఒకటి అతికించి తెలుగును కూర్చిన పాత టైపుమిషను పద్ధతితో పోల్చిన, ఇది వ్యాకరణము తెలిసిన పద్ధతి. అన్నింటికంటె మిన్నయైన గుణము మరియొకటి కలదు. తెలుగున క యున్న మీట మీదనే కన్నడ కకారము, తమిళ కకారము, ఒడియా కకారము, నాగరి కకారము నున్నవి. ఒక లిపికి నేర్చిన వ్రేళ్లు తక్కిన లిపులకును పనికివచ్చును. రెండు మూడు భాషల నడుమ బ్రతుకు మనబోటివారి కొరకే దీనిని చేసిరా యని తోచును.

కాని ఈ గుణము ఫలింపవలెనన్న ఆ రెండవ భాషను మనవారు ఇన్‌స్క్రిప్ట్‌లో నేర్చియుండవలెను. అట్లు జరుగలేదు. తమిళమునకు 1999లో చెన్నైలో జరిగిన సభ పిమ్మట తమిళ్99 అను వేరొక అమరిక ప్రమాణమయ్యెను. కర్ణాటకమున కె. పి. రావుగారి అమరిక ననుసరించిన మీటల వరుస ప్రభుత్వామోదము పొంది వ్యాపించెను. కావున చెన్నపట్టణపు తెలుగువాని వ్రేళ్లకు వచ్చినది ఒకటి, బెంగుళూరు తెలుగువాని వ్రేళ్లకు వచ్చినది మరియొకటి. ఇన్‌స్క్రిప్ట్ ఇరువురికిని క్రొత్తదే. అందరికిని ఒకటే యను గుణము కాగితము మీద నిజము. మన యింట అబద్ధము. పైగా రెండు చేతుల నడుమ పని పంచుట అను సుగుణము పది వ్రేళ్లతో వ్రాయువానికి మాత్రమే అక్కరకు వచ్చును. నేడు మనవారిలో పెక్కురు వ్రాయునది ఫోనులో, ఒక్క బొటనవ్రేలితో.

ఇంత చెప్పినందున ఇన్‌స్క్రిప్ట్ పనికిరానిదని నా భావము కాదు. ఇట్టి సంచికను కూర్చువానికి, నిత్యము పుటల కొలది వ్రాయువానికి, వార్తాపత్రికలో పనిచేయువానికి దానిని మించినది లేదు. అది వృత్తిగా వ్రాయువాని పనిముట్టు. వృత్తిగా వ్రాయువాని పనిముట్టును ఇంటింటికిని పంచబోవుటయే మా తప్పు.

రెండవది రోమను అక్షరములలో తెలుగు ఉచ్చారణను కొట్టి తెలుగు లిపిని పొందు పద్ధతి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున తెలుగు విద్యార్థుల చేతిలో ఆర్.టి.ఎస్. అను పేర పుట్టిన ఈ పద్ధతి, 2006లో వచ్చిన లేఖిని వంటి వానివలన సామాన్యులకు అందెను. స్వదేశమునకు దూరమైనవారు, చేతికి దొరికిన ఆంగ్ల కీబోర్డుతో, క్రొత్తగా ఏమియు కొనక, తమకు తాము చేసికొనిన సాధనమిది. పండితులు కొందరు దీనిని ఈసడించిరి. అయినను తెలుగు వ్రాయుట మానుకొనిన ఎందరో దీని చలువ వలననే మరల వ్రాయ మొదలిడిరి. పట్టికలో దీనికి మార్కులు తక్కువ. ఒక్క అక్షరమునకు రెండేసి మూడేసి మీటలు నొక్కవలెను. అయినను నేర్చుకొను కాలము ఒక్క సాయంకాలమే.

దీని దోషములును చిన్నవి కావు. లకారమునకు చిన్న ఎల్, ళకారమునకు పెద్ద ఎల్. నకారమునకు చిన్న ఎన్, ణకారమునకు పెద్ద ఎన్. తెలుగు చదివినవానికి ఇది జ్ఞాపకపు పని మాత్రమే. తెలుగు లిపిని చూడని పిల్లవానికి ళ యను అక్షరము వేరుగ కలదన్న ఎరుకయే లేదు. పెద్ద ఎల్ ఎప్పుడు నొక్కవలెనో వానికి చెప్పువారెవరు? మాటను ఊహించి తానే దిద్దు క్రొత్త సాధనములు ఈ చిక్కును తీర్చును గాని, వ్రాయువానికి ఎందుకు దిద్దినదో చెప్పవు. తప్పు పోవును, నేర్పు రాదు. కావున ఈ సాధనము ఆంగ్లముతో పాటు తెలుగును ఒకప్పుడు చదివి, చేతిలో పట్టు తప్పినవానికి తగినది. అసలు చదువనివానికి ఇది సగము దారి వరకే తోడు వచ్చును.

మూడవది నోటిమాటను అక్షరములుగ మార్చు సాధనము. దీని విలువను నాకు తెలిపినది మా మేనత్త. ఆమెకు ఏ లిపియు రాదు. "నాకు మాట్లాడేకి వస్తుంది, రాసేకి రాదు నాయనా" అని ఆమె ఎన్నియో మారులు అనగా వింటిని. ఒకనాడు మనుమరాలు ఫోను చేతికిచ్చి మాటాడుమనెను. ఆమె ఆడిన మాట తెర మీద తెలుగు అక్షరములై నిలిచెను. డెబ్బది యేండ్లలో తన మాట అక్షరమగుట ఆమెకదే మొదటిసారి. ఆనాడు ఆ ముఖము చూచినవాడెవ్వడును, ఇది భాషను చెరచు సాధనమని తేలికగ అనజాలడు.

కాని మరునాడే మరియొక సంగతి కనబడినది. "వచ్చేకి అవుతుందా?" అని ఆమె అడిగిన మాట తెర మీద "వచ్చే కీ" అని రెండు ముక్కలయ్యెను. "ఎట్లుండావు" అన్నది మరేదో ఆయెను. మూడవసారి ఆమె తన మాటను మార్చుకొని, టెలివిజనులో విన్న తెలుగు పలుకబోయెను. ఇది నాకు వెరపు కలిగించినది. తరతరములుగా బయట నిలిచి మనము కాపాడుకొనిన పలుకుబడి ఉన్నది. హోసూరు వైపు వచ్చేకి, పోయేకి అను రూపములు అట్టివి. మన మాటను యంత్రము గుర్తింపకున్న తప్పు యంత్రముది. కాని ముసలామె తప్పు తనదే యనుకొన్నది. మనిషికి సాధనము తగుటకు బదులు సాధనమునకు మనిషి తగుచున్నాడు. ఇట్టి చోట మన సంఘములు చేయవలసిన పని, ఆమెచేత సాధనమును మాన్పించుట కాదు. అట్టివారి మాటను సేకరించి, సాధనములు చేయువారికి అందజేయుట.

వ్రాయుటను గూర్చి ఇంతవరకు చెప్పితిని. చదువుటను గూర్చియు చెప్పవలెను. ఏలయన వ్రాసినది చదువువాడు లేనిచో వ్రాత నిలువదు. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణమున మన లిపులు ఒకే క్రమమున, ఒక్కొక్కదానికి 128 స్థానముల చొప్పున కూర్చబడినవి. తెలుగు కకారము సంఖ్య 3093. కన్నడ కకారము సంఖ్య 3221. తెలుగు అక్షరము సంఖ్యకు 128 కూడిన, కొద్దిపాటి అక్షరములు తప్ప, అదే ధ్వని గల కన్నడ అక్షరము వచ్చును. తెలుగు మాటాడుచు కన్నడము మాత్రమే చదువగలవాడు, ఈ చిన్న కూడిక వలన, తెలుగు కథను కన్నడ లిపిలో చదువుకొనవచ్చును. నాగరి, ఒడియా లిపులకును ఇదే మార్గము. ఎ, ఒ హ్రస్వములకు మాత్రము అచ్చట ఒక ఏర్పాటు కావలెను.

తమిళమున ఈ కూడిక చాలదు. క, ఖ, గ, ఘ నాలుగింటికిని అచ్చట ఒకే అక్షరము. కాని ఆ చిక్కును తీర్చిన ఉపాయము కంప్యూటరు కంటె పాతది. సంగీత గ్రంథములలో తమిళ అక్షరము ప్రక్కన చిన్నదిగ 2 వేసిన ఖ, 3 వేసిన గ, 4 వేసిన ఘ. తిరువయ్యారున వసించిన త్యాగరాజస్వామి (1767–1847) తెలుగు కృతులను నేడు తమిళ గాయకులనేకులు ఈ అంకెల సహాయముననే పాడుచున్నారు. సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయాపురమున, తమిళదేశపు నడుమ, తెలుగు లిపిలో అచ్చయ్యెను. ఆనాటి విద్వాంసులకు ఆ లిపి తగియుండెను. 1961 మొదలు చెన్నపురి సంగీత విద్వత్సభ దానినే తమిళ లిపిలో వెలువరించినది. గ్రంథము అదే, చదువువాడు మారెను. తెలుగు ధ్వనులకు తెలుగు లిపియే మేలైనదనుటలో సందేహము లేదు. కాని ఆ మేలైన లిపిలోనే ఉంచుదుమని పట్టుపట్టియుండిన, ఆ గ్రంథము ఎందరికో అందకపోయెడిది.

ఇచ్చట పెద్దలు ఒక ఆక్షేపణ చేయుదురు. అది త్రోసివేయదగినది కాదు. పరలిపిలో చదువుట సులభమైనచో మన లిపిని నేర్చువాడెవడు? లిపి పోయిన పిమ్మట భాష ఎన్నాళ్లు నిలుచును? 2006 నాటి చట్టము వలన తమిళనాట బడులలో తమిళము ఒకటవ తరగతి మొదలు క్రమముగ తప్పనిసరి యయ్యెను. ఆ బడులలో చదివిన మన పిల్లల చేతికి మొదట అలవడినది తమిళ లిపియే. ఇట్టి స్థితిలో సౌకర్యము పేర మనమే తెలుగు లిపిని విడిచిపెట్టుదుమా? ఈ ప్రశ్న నన్నును చాల దినములు బాధించినది.

సమాధానము నాకు పర్లాకిమిడిలో దొరికినది. అచ్చట ఉపాధ్యాయులై యుండిన గిడుగు రామమూర్తిగారు (1863–1940) సవర భాషను నేర్చి, సవర పిల్లల కొరకు పాఠపుస్తకములను తెలుగు లిపిలో వ్రాసిరి. ఆ వారే 1931లో వెలువడిన ఆంగ్ల సవర వ్యాకరణమున ధ్వనులను సూక్ష్మముగ చూపు రోమను సంకేతములను వాడిరి. భాష ఒకటే, పండితుడు ఒకడే. భాషాశాస్త్రజ్ఞులకు ఒక లిపి. సవర బాలునకు మరియొకటి. సూక్ష్మతలో రోమను సంకేతములు మిన్న. ఆ సంగతి గిడుగువారికంటె ఎవరికి ఎక్కువ తెలియును? తెలిసియు బాలుని చేతికి వానినీయలేదు. ఆ పర్లాకిమిడి 1936లో ఒడిశాలో చేరినది. నేడు మన బయటి తెలుగువారి పట్టణములలో అదియు ఒకటి.

ఈ నిదర్శనమునుండి నేను గ్రహించినది ఇది. వాడుకరికి తగినదనగా వానిని ఉన్నచోటనే ఉంచునది కాదు. నేటి చేతికి అంది, రేపటి చేతిని పెంచునది. తెలుగు పాఠమును కన్నడ లిపిలోనో, తమిళ లిపిలోనో మాత్రమే అచ్చువేసిన ఆక్షేపణ నిజమగును. ఒకే పుటలో పైన తెలుగు పంక్తి, క్రింద పిల్లవానికి తెలిసిన లిపిలో అదే పంక్తి ఉంచిన, క్రింది పంక్తి మెట్టు అగును, పై పంక్తి గమ్యమగును. నోటిమాటను అక్షరముగ మార్చు సాధనముకూడ ఇట్టిదే. తన మాట ఏ అక్షరములుగ మారినదో పదిమారులు చూచిన పిల్లవాడు పదునొకండవ మారు ఒక అక్షరమును గుర్తించును.

మన అయిదు ప్రాంతములును ఒకటి కావు. యానాములో తెలుగే ఇంటి భాష, వీథి భాష; అచ్చటివానికి లిపి చిక్కు లేదు, వేగమే కావలెను. బెంగుళూరువానికి 128 కూడిక చాలును. చెన్నైవానికి అంకెల ఉపాయమో, మాట సాధనమో కావలెను. షోలాపురపు నేతగానికి నాగరి పంక్తి తోడుగ ఉండవలెను. బరంపురమువానికి ఒడియా పంక్తి. ఒక్కచోట గెలిచిన సాధనమును అయిదుచోట్లకును పంపుట, ఒకే కొలతకు కుట్టిన చొక్కాను ఊరందరికి పంచుట వంటిది.

కావున సంఘముల పెద్దలకు నా మనవి ఇంతే. సాధనమును కొనకముందు, దానిని వాడబోవు ఒక మనిషిని పేరు పెట్టి తలచుకొనుడు. ఆయన ఏ లిపి చదువును? ఏ చేతితో, ఏ యంత్రము మీద వ్రాయును? ఎవరికి, ఎంత వ్రాయును? పాడైన బాగుచేయువాడు ఆ వీథిలో కలడా? ఆయన మాటను అది గుర్తించునా? ఒక ఏడాది వాడిన పిమ్మట ఆయనకు తెలుగు ఇంకొక మెట్టు ఎక్కువ వచ్చునా? వీనికి జవాబులు వచ్చిన పిమ్మట గుణముల పట్టికను విప్పుడు. అప్పుడది పనికివచ్చును.

మా సంఘపు నాలుగు కంప్యూటర్లలో మూడు ఇప్పుడు మూలబడియున్నవి. నాలుగవదానిలో నాడు తుదివరకు నిలిచిన ఆ ఒక్క విద్యార్థి ఇన్‌స్క్రిప్ట్‌తో మా సంఘపు వార్తలను కూర్చుచున్నాడు. ఆయనకు అది తగినది. ఆ వార్తలను మా మేనత్తకు మనుమరాలు ఫోనులో చదివి వినిపించుచున్నది. క్రింద తమిళ పంక్తి ఉండుట వలన ఆ పిల్లకు అది సాధ్యమగుచున్నది. మొన్న ఆ పిల్ల తమిళ పంక్తిని చేతితో మూసి, పై పంక్తిలోని మొదటి మాటను తానే చదివెను.

ఇందలి గుణదోషములను పెద్దలు విచారింతురు గాక.